పేరు రాసిన మూత

తెల్లవారి లేస్తే దేవప్ప ముందు తన ముఖం కడుక్కోడు, ఎడ్ల దగ్గరికి పోతాడు. ఆ అలవాటు తండ్రి బిచ్చయ్య పటేల్ నుంచి వచ్చింది. ఒక్కొక్క ఎద్దు మెడ మీద చేయి వేసి, కాడి ఒరిసిన చోట వాపు ఉందేమోనని మెల్లగా నొక్కి చూస్తాడు. గిట్ట ఎత్తి ఒళ్లో పెట్టుకొని, మధ్యలో రాయి ఇరుక్కుందేమోనని వేలితో గీకుతాడు. ఏ ఎద్దయినా రాత్రి మేత మిగిల్చిందంటే ఆ పూట దాన్ని కాడి కింద పెట్టడు. పక్క చేనువాళ్లు దుక్కి ముగించుకొని ఇంటికి పోతున్నా సరే, ఆయనకు ఫికర్ ఉండదు. తాండూరు చుట్టుపక్కల ఊళ్లలో ఎడ్లను ఇంత ముద్దుగా చూసుకునే పటేల్ ఇంకొకడు లేడని అందరూ అనేవారు. ఆ మాట నిజమే.

ఇంత మంచివాడి ఇంట్లో చెడు ఏముంటుందని మీకు అనిపించవచ్చు. ఈ కథ చెప్పాల్సి వచ్చింది సరిగ్గా అందుకే. చెడ్డవాడు చేసిన చెడును దారిన పోయేవాడు కూడా గుర్తుపడతాడు. మంచివాడి వాకిట్లో, పదిమంది కళ్ల ముందు, పట్టపగలు జరిగేదాన్ని ఎవరూ పట్టించుకోరు. పట్టించుకోకపోగా నవ్వి ఊరుకుంటారు.

పంతొమ్మిది వందల అరవై ఒకటి నాటి మాట. ఆ ఎడ్ల కొట్టాన్ని ఆనుకొనే ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో ట్రాక్టరు, దాని వెనక పొదలు నరికే యంత్రం. దేవప్ప ఎడ్లతో ఉన్న వేళకే డ్రైవరు కిషన్ వచ్చి షెడ్డు ముందు నిలబడేవాడు. ఒక్క అరగంట ఇస్తే మిషను చూసుకొని బయలుదేరుతానని అడిగేవాడు.

"ఇనుముకు ఏం రోగం కిషన్? నడువు, ఎండ ఎక్కుతది," అనేవాడు దేవప్ప, ఎద్దు గంగడోలు నిమురుతూనే.

అసలు ఆ యంత్రం మా వైపు ఎందుకొచ్చిందో చెప్పాలి. నలభై ఎనిమిదిలో, పోలీసు చర్య నాటి గడబిడ రోజుల్లో, ఎంతోమంది చేలు వదిలి చుట్టాల ఊళ్లకు పోయారు. తిరిగొచ్చేసరికి కొన్ని భూములు బీడుగా పడావు పడ్డాయి. కొన్నింటికి హక్కుదారు ఎవరో తేలక మరికొన్నేళ్లు అలాగే ఉండిపోయాయి. తంగేడు, రేగు, బలుసు, సీతాఫలం కలిసి మనిషి ఎత్తు పెరిగి, మేక కూడా దూరలేనంతగా అల్లుకున్నాయి. గొడ్డళ్లు పట్టుకొని ఎండాకాలమంతా నరికినా ఒక మెట్ట చెలక బాగుపడేది కాదు. అలాంటి రోజుల్లో దేవప్ప ధైర్యం చేసి, పట్నంలో ఎవరెవరినో పట్టుకొని, ట్రాక్టరునూ ఈ యంత్రాన్నీ తెప్పించాడు. గూడ్సు బండిలో అది తాండూరు స్టేషన్లో దిగిన రోజు బజారు సగం అక్కడే ఉంది.

చూడటానికి పెద్ద వింతేమీ కాదు. బల్లలాంటి వెడల్పాటి ఇనుప కప్పు, దాని కింద రెండు బరువైన కత్తులు. ట్రాక్టరు నుంచి వచ్చే ఇరుసు తిరిగితే ఆ కత్తులు గిర్రున తిరిగి పొదను మొదలంటా నరికేస్తాయి. జనం దానికి తిరుగుడు కత్తి అని పేరు పెట్టారు.

యంత్రంతో పాటు పట్నం నుంచి ఒక మిస్త్రీ వచ్చి, దాన్ని ఎలా చూసుకోవాలో దేవప్పకూ కిషన్‌కూ కలిపి నేర్పి వెళ్లాడు. రోజూ పని మొదలుపెట్టకముందు యంత్రాన్ని నేల మీదికి దించాలి. ఇంజను ఆపాలి. ఇనుప కప్పు నడుమ పలకంత మూత ఉంటుంది. అది తీసి, కత్తిని చేత్తో తిప్పితే బోల్టు మూత కిందికి వస్తుంది. పానా పెట్టి బిగించాలి. గేర్ల పెట్టెలో నూనె చూడాలి, కీళ్లకు గ్రీజు ఎక్కించాలి, ఇరుసుకు చుట్టుకున్న తీగలు పీకెయ్యాలి. కత్తి రాయికి తగిలిందా, అప్పటికప్పుడు ఆపి మళ్లీ మూత తియ్యాలి. తిరుగుతున్నంతసేపు వెనక దరిదాపుల్లో మనిషి ఉండకూడదు. మా భూముల సంగతి మిస్త్రీకి ఒక్క రోజులోనే అర్థమైంది. జానెడు మన్ను తీస్తే కింద నాపరాయి. ఆ రాయి అంచు ఎక్కడ పైకి పొడుచుకొచ్చిందో పొదల్లో కనబడదు. కత్తి దానికి కొట్టుకొని అదిరితే బోల్టు వదులవుతుంది. ఈ నేలలో మీరు ఒక్క పూట కూడా మరవొద్దని ఆయన గట్టిగా చెప్పి వెళ్లాడు.

దేవప్ప మరవలేదు. నిజం చెప్పాలంటే ఆయనకు ఆ పాఠమంతా నోటికి వచ్చు. పరిగి నుంచి, నవాబుపేట నుంచి రైతులు చూడటానికి వస్తే షెడ్డులోకి తీసుకుపోయి, మిస్త్రీ చెప్పిందంతా పొల్లుపోకుండా అప్పజెప్పేవాడు. వచ్చినవాళ్లు నోరు తెరుచుకొని వినేవారు. మొదటి ఎండాకాలం ఆ మాటలన్నీ చేతల్లో కూడా ఉన్నాయి. అరగంట కాదు, ఒక్కోరోజు ఇంకా ఎక్కువే పట్టేది. యంత్రం ఏ చిక్కూ పెట్టలేదు. చిక్కు రాలేదు కాబట్టి, చూసుకోవాల్సిన అవసరమే లేదేమోనన్న ఆలోచన మెల్లగా దేవప్ప మనసులో జొరబడింది. ఈ ఆలోచన మనలో ఎంతమందికి రాలేదు చెప్పండి?

కిషన్ గురించి రెండు మాటలు. నాపరాతి గనుల్లో పనిచేసే కుటుంబం వాళ్లది. రాళ్ల లారీ మీద క్లీనరుగా చేరి, నడపడం నేర్చుకొని, దేవప్ప దగ్గరికి వచ్చాడు. మాట తక్కువ. భార్య ఇంద్రమ్మది అందుకు పూర్తిగా ఎదురు. ఆమె ఎక్కడుంటే అక్కడ నలుగురు ఆడవాళ్లు నవ్వుతూ ఉండేవారు. ఇంట్లో మాట్లాడేది తానేననీ, ఆయన వంతు కూడా తానే మాట్లాడి పెడుతున్నాననీ ఆటపట్టించేది. కిషన్ నవ్వి ఊరుకునేవాడు. నరికిన పొదలను ఏరి, కంపకూ పొయ్యికీ వేరుచేసి మోపులు కట్టే కూలీల్లో ఆమె కూడా ఉండేది.

రెండో ఏడు ఉగాది వచ్చింది. కొత్త ఏడాదికి ఎడ్ల కొమ్ములకు రంగు వేయడం దేవప్ప ఇంటి ఆచారం. కొమ్ములకు వేసినప్పుడు యంత్రానికి మాత్రం ఎందుకు వేయకూడదనుకున్నాడాయన. తాండూరు బజారులో దుకాణాల బోర్డులు రాసే మనిషిని పిలిపించి ఎర్రరంగు పూయించాడు. అంతటితో ఆగినా బాగుండేది. ఇనుప కప్పు మీద తండ్రి పేరు రాయమన్నాడు. కప్పు మీద అన్నీ అతుకులూ బొడిపెలే. అక్షరాలు చక్కగా కుదిరే నున్నటి జాగా నడుమ ఒక్కచోటే ఉంది. అక్కడే పసుపురంగులో 'బిచ్చయ్య పటేల్' అని రాశాడు రంగుల మనిషి. పేరు సరిగ్గా మూత మీద పడింది. మూత చుట్టూ ఉన్న సందులోకి రంగు దిగి, అది మూత అని కూడా తెలియకుండా పోయింది.

రాస్తున్నప్పుడే కిషన్ అడ్డు చెప్పాడు. రోజూ తీయాల్సిన మూత అని గుర్తు చేశాడు. ముందు రంగు ఆరనీ అన్నాడు దేవప్ప. ముసలితల్లి లక్ష్మమ్మ వచ్చి, పెనిమిటి పేరు చదివించుకొని, కళ్లు ఒత్తుకొని కర్పూరం వెలిగించింది. ఆ తరువాత ఆ పేరు మీద చేయి వేయడం ఎవరికైనా కష్టమే.

రంగు ఆరింది. ఒకరోజు కిషన్ పానా, ఉలి తీసుకొని యంత్రం మీద వంగి ఉండగా దేవప్ప చూశాడు. ఆ వేళకు ధారూర్ వైపు నుంచి కొందరు రైతులు తమ వంతు ఎప్పుడో అడగడానికి వచ్చి కూర్చొని ఉన్నారు.

"ఏం చేస్తున్నవ్?" అన్నాడు దేవప్ప.

"మూత తీస్తున్న పటేలా. బోల్టులు చూడక శాన దినాలాయె."

"మా నాయిన పేరు మీద ఉలి పెడతవా?"

కిషన్ చేయి ఆగింది. "రంగు పోతె మల్ల ఏయించుకోవచ్చు పటేలా," అన్నాడు మెల్లగా.

వచ్చినవాళ్లలో ఒకరు, పొద్దు గడుపుకోవడానికి డ్రైవర్లకు ఇలాంటి సాకులు శాన ఉంటాయని అన్నారు. అందరూ నవ్వారు. దేవప్ప కూడా నవ్వి, "పనిదొంగవైనవ్ కిషన్," అన్నాడు. ఆయన మనసులో కోపమేమీ లేదు, సరదాకే అన్నాడు. అన్నవాడికి సరదాయే. పదిమందిలో ఆ మాట పడ్డవాడికి ఎలా ఉంటుందో ఆయన ఆలోచించలేదు. కిషన్ పానాను పెట్టెలో పెట్టి బండి ఎక్కాడు.

ఆ మర్నాటి నుంచి అరగంట అడగడం మానేశాడు. కొన్నాళ్లు తానే ముందుగా వచ్చి, యంత్రాన్ని పైకెత్తి, కింద చెక్కలు పెట్టి, వెల్లకిలా దూరి చూసుకునేవాడు. కింద నుంచి పానాకు సరిగా పట్టు దొరికేది కాదు. అందిన మట్టుకు బిగించేవాడు. తరువాత దానికీ తీరిక లేకుండా పోయింది. మిరుగం, అంటే మృగశిర కార్తె, దగ్గరపడుతోంది. వానలు పడేలోపు తమ చెలక బాగు చేయించుకోవాలని ఊరూరి నుంచి మనుషులు వచ్చి దేవప్ప వాకిట్లో కూర్చునేవారు. ఆయన ఎవరికీ కాదనలేడు. అందరికీ మాట ఇచ్చాడు. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం ఆయన పంతం. ఆ పంతం కోసం యంత్రం ఒక చేను నుంచి ఇంకొక చేనుకు, చల్లారకుండానే పోతూ ఉండేది. దాని వెనకే కూలీ ఆడవాళ్లు. దూరంగా ఉండాలన్నది అందరికీ తెలిసిందే. కానీ నరికిన పొద ఆ పూటకు ఆ పూటే ఎత్తితేగాని చేను ఖాళీ కాదు, చేను ఖాళీ కాకపోతే ఇంకొకరి వంతు రాదు. అందుకని వాళ్లు రోజురోజుకూ యంత్రానికి దగ్గరగా నడవడం మొదలుపెట్టారు. దేవప్ప గట్టు మీద నిలబడి చూస్తూనే ఉన్నాడు, ఏమీ అనలేదు.

ఒక సాయంత్రం కత్తి బలంగా నాపరాయికి కొట్టుకుంది. నిప్పులు లేచాయి. ఆ తరువాత యంత్రం చప్పుడు మారింది. లోపల ఏదో టకటకమంటోంది. చీకటి పడేదాకా అలాగే పని నడిచింది.

మర్నాడు పొద్దున కిషన్ వచ్చాడు. ఎప్పటిలా షెడ్డు వైపు పోకుండా ఎడ్ల కొట్టం ముందు వచ్చి నిలబడ్డాడు. దేవప్ప ముసలి ఎద్దు మెడకు ఆముదంలో పసుపు కలిపి రాస్తున్నాడు. ముందురోజు అది కాడి కింద కాస్త బెదిరిందట, మెడ కమిలిందేమోనని అనుమానం.

"ఏంది కిషన్?" అన్నాడు.

కిషన్ ఒకసారి షెడ్డులోకి చూశాడు. ఎర్రటి కప్పు మీద పసుపు అక్షరాలు ఎండకు మెరుస్తున్నాయి. మళ్లీ పటేల్ వైపు చూశాడు.

"ఏం లేదు పటేలా," అని వెళ్లిపోయాడు.

మాట తక్కువ మనిషి ఊరికే వచ్చి నిలబడడని దేవప్పకు తెలుసు. మనసులో ఎక్కడో కలుక్కుమంది కూడా. వెనక్కి పిలిచి అడిగితే సరిపోయేది. చేతికి ఆముదం అంటుకొని ఉంది. కడుక్కొని అడుగుదాంలే అనుకున్నాడు. కడుక్కునేసరికి ట్రాక్టరు ఊరు దాటింది.

మధ్యాహ్నానికి ఇంకా కొంత పొద్దుండగానే అది జరిగింది. పెద్ద చప్పుడైంది. ఒక కత్తి బోల్టు తెంపుకొని, కప్పు కింద నుంచి నేలను రాసుకుంటూ వెనక్కి దూసుకొచ్చింది. మోపు కట్టడానికి వంగిన ఇంద్రమ్మ ఎడమ కాలికి, మోకాలి కింద తగిలింది. ఆమె పడిపోయింది. కిషన్ ఇంజను ఆపి దిగి పరుగెత్తుకొచ్చి, తలపాగ విప్పి కాలికి చుట్టాడు. ఎవరో నీళ్లు తెచ్చారు. దేవప్ప గట్టు మీద నుంచి దిగి వచ్చి బండి కట్టమన్నాడు. ఎడ్లబండి మీద స్టేషనుకు, అక్కడి నుంచి రైల్లో వికారాబాద్ ఆస్పత్రికి తీసుకుపోయారు. దారి పొడుగునా ఇంద్రమ్మ కిషన్ అంగీ పట్టుకొనే ఉంది. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. ప్రాణం నిలబడింది, కాలు తీసేయక తప్పలేదు.

ఆస్పత్రి ఖర్చంతా దేవప్పే పెట్టుకున్నాడు. వాళ్ల ఇంటికి తిండిగింజలు పంపాడు. రోజు విడిచి రోజు రైలెక్కి పోయి చూసి వచ్చాడు. ఊళ్లో అందరూ ఆయన్ను మెచ్చుకున్నారు. వేరే పటేల్ అయితే తొంగి కూడా చూడడు, ఈయన ధర్మాత్ముడు అన్నారు. అదే నోటితో ఇంకొక మాట కూడా అన్నారు. నడిపేవాడు చూసుకోవద్దా? మిషను బాగోగులు డ్రైవరుకు కాక ఎవరికి తెలుస్తాయి? కట్టుకున్న పెండ్లాం వెనకాల ఉందన్న సోయి కూడా లేకపాయె.

దేవప్ప ఆ మాటలు విన్నాడు. అబద్ధమేమీ చెప్పలేదు. కిషన్‌దే తప్పని ఆయన నోటితో ఎవరితోనూ అనలేదు. ఊరుకున్నాడు, అంతే. పెద్దమనిషి ఊరుకుంటే ఊరు దాన్ని తమ మాటకు సమ్మతిగానే తీసుకుంటుంది. నింద మొత్తం పోయి కిషన్ నెత్తిన కూర్చుంది. కిషన్ కూడా ఎదురు చెప్పలేదు. తప్పు తనదేనని అతను నిజంగానే నమ్మాడు.

ఇంద్రమ్మ ఇంటికి వచ్చాక అతను మళ్లీ ట్రాక్టరు ఎక్కలేదు. తాండూరులో లారీలవాళ్ల దగ్గరికి పోతే, పెండ్లాం కాలు తీసినవాడికి బండి ఎట్లా ఇస్తామన్నారు. చివరికి తాతల నాటి గనిలోకే దిగి, సుత్తి పట్టుకొని నాపరాళ్లు కొట్టడం మొదలుపెట్టాడు. గని పక్కన బండలు పేర్చి కట్టిన గుడిసెలోకి మారారు.

మిరుగం వెళ్లింది, వానలు పడ్డాయి. షెడ్డులో యంత్రం కదలకుండా పడి ఉంది. వేరే డ్రైవరును పెట్టి మళ్లీ నడిపించమని అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. ఒకరోజు దేవప్ప ఉలి తీసుకొని షెడ్డులోకి పోయాడు. ఎవరినీ పిలవలేదు. మూత అంచున ఉలి పెట్టి కొట్టాడు. ఎండిన రంగు పెచ్చులుగా లేచింది. తండ్రి పేరులో ముందు ఒక అక్షరం, తరువాత ఇంకొకటి రాలిపోయాయి. మూత ఊడి వచ్చింది. తెగిపోయిన కత్తి ఉండాల్సిన చోట ఖాళీ. రెండో కత్తిని తిప్పి బోల్టు మూత కిందికి తెచ్చాడు. పానా పెట్టబోయి, ఎందుకో ముందు చేత్తో పట్టుకున్నాడు. అది వేళ్లకే తిరిగింది.

ఉలి చప్పుడు విని లక్ష్మమ్మ వచ్చి వెనక నిలబడింది. రాలిన అక్షరాలు చూసి కోప్పడుతుందనుకున్నాడు. ఆమె మూతను చేతిలోకి తీసుకొని, అటూ ఇటూ తిప్పి, ఇది ఎందుకని అడిగింది. రోజూ తీసి చూడాల్సినదని చెప్పాడు. మరి ఎందుకు తీయలేదని అడిగింది. నాయిన పేరుందని కిషన్‌ను తానే తీయనియ్యలేదని ఒప్పుకున్నాడు. ఆ మాట ఆయన నోట్లోంచి రావడం అదే మొదటిసారి.

లక్ష్మమ్మ మూతను కొడుకు చేతిలో పెట్టింది. తరువాత అంది. "మీ నాయిన బతికినన్ని దినాలు, జీతగాడు వచ్చి ఎద్దు కుంటుతున్నదంటే వాని మాట మీదనే నాగలి ఇడిపించిండు బిడ్డా. తాను పోయి చూసినంక గాదు. రోజంత ఎద్దు ఎనక నడిచేటోనికి ఎరుకైతది, గట్టు మీద నిలవడ్డోనికి ఏం ఎరుకైతది అనేటోడు. నువ్వు ఆయన తీరున ఎడ్లను చూస్తవు. జీతగాళ్ల మాట ఇననైతే ఇనవు."

ఆ మాట దేవప్పకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఇన్నేళ్లూ తండ్రి దగ్గర నేర్చుకున్నది ఎడ్ల మెడలు నిమరడం ఒక్కటేనా? అరగంట కోసం రోజూ వచ్చి నిలబడ్డ మనిషి కళ్ల ముందు మెదిలాడు. ఆ చివరి పొద్దు అతను నోరు తెరవకుండా ఎందుకు వెళ్లిపోయాడో అప్పుడు అర్థమైంది. అతనికి చెప్పాలని లేక కాదు. చెబితే ఏం జరుగుతుందో పదిమందిలో దేవప్ప తానే అతనికి నేర్పి పంపాడు.

మర్నాడే గనికి పోయాడు. కిషన్ పనిలో ఉన్నాడు. ఇంద్రమ్మ గుడిసె ముందు కూర్చొని మోదుగాకులతో ఇస్తరాకులు కుడుతోంది. పక్కన చేతికర్ర. పటేల్‌ను చూసి లేవబోతే వద్దన్నాడు. తాను కూడా బండ మీద కూర్చొని, కిషన్‌ను మళ్లీ పనిలోకి రమ్మని చెప్పడానికి వచ్చానన్నాడు. గనిలో కష్టం ఎందుకు, రెండెకరాల చెలక కూడా రాసిస్తానన్నాడు.

ఇంద్రమ్మ కుడుతున్న ఆకు పక్కన పెట్టింది. "మీరు ఆస్పత్రికి తీస్కపోయిండ్రు, బువ్వకు లోటు రానియ్యలే. గా మేలు మరువ పటేలా. భూమి మాట తర్వాత. ఆయన నాతోని మాట్లాడుత లేడు. నా మొకం దిక్కు సూస్త లేడు. బువ్వ పెడితె ఆ మూలకు తిరిగి తింటడు. నా కాలు ఆయననే తీసిండని లోకమంత అంటున్నది, ఆయన గదే నమ్మిండు. నేను గాదంటె ఇనడు. నాకేమెరుక మిషను సంగతి? ఎరుకున్నది మీకొక్కలకే."

ఎప్పుడూ నవ్వించే మనిషి అంత నిదానంగా మాట్లాడుతుంటే దేవప్ప తల ఎత్తలేకపోయాడు. నలుగురిలో చెబుతానని మాట ఇచ్చి లేచి వచ్చేశాడు.

ఇచ్చిన మాట తప్పడని పేరున్న దేవప్ప ఈ ఒక్క మాట దగ్గర తడబడ్డాడు. ఈ వారం చెబుతాననుకుంటే పైవారం అయ్యేది. పంచాయతీ దగ్గర నలుగురు కూడిన రోజు గొంతు దాకా వచ్చి ఆగిపోయేది. పోయిన కాలు ఎలాగూ రాదు, ఇప్పుడు చెప్పి ఏం లాభమని మనసు సర్దిచెప్పేది. ఇలా ఆ చలికాలమంతా గడిచింది. గుడిసెలో ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చొని మాట్లాడుకోకుండా ఆ చలికాలమంతా గడిపారు. దేవప్ప జీవితంలో తనను తాను ఎన్నటికీ క్షమించుకోలేనిది ఉంటే, అది కత్తి ఎగిరిన రోజుకన్నా ఎక్కువగా ఈ ఆలస్యమే.

ఎండాకాలం మొదట్లో వికారాబాద్‌లో రైతుల సభ జరిగింది. కొత్త ట్రాక్టర్లూ యంత్రాలూ తెచ్చి చూపించారు. పరిగి, నవాబుపేట, ధారూర్, తాండూరు నుంచి వందలమంది వచ్చారు. ఈ ప్రాంతంలో అందరికన్నా ముందు యంత్రం తెచ్చినవాడని దేవప్పను వేదిక ఎక్కించి, నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆయన లేచి, నోటికొచ్చిన పాఠం మొదలుపెట్టాడు. దించాలి, ఆపాలి, మూత తియ్యాలి, బిగించాలి. జనం శ్రద్ధగా వింటున్నారు. మధ్యలో ఆయన ఆ పాఠం ఆపేశాడు.

"ఇదంత నాకు మొదటి దినం నుంచి వచ్చు," అన్నాడు. "వచ్చి కూడ చెయ్యలే. చెయ్యనియ్యలే. మా డ్రైవరు కిషన్ దినాం అరగంట అడిగిండు. నేను ఇయ్యలే. మూత తీయవోతె, మా నాయిన పేరున్నదని ఆపిన. పదిమందిల పనిదొంగ అన్న. ఆ పదిమందిల కొందరు ఈడనే ఉన్నరు, మీరు కూడ నవ్విండ్రు. ఇంద్రమ్మ కాలు పోయింది కిషన్ తోని గాదు, నాతోని పోయింది. ఇయ్యాల్టి దాంక నేను నోరిప్పలే. నా తప్పు ఆయన మోసిండు."

ధారూర్ రైతులు తలలు వంచుకున్నారు. పెద్దలు ఒకరిద్దరు ఆయన భుజం పట్టి కూర్చోబెట్టబోయారు. ఆయన కూర్చోలేదు. మెట్లు దిగి, జనం మధ్య నుంచి నడుచుకుంటూ స్టేషనుకు పోయాడు.

ఆ సాయంత్రం రైలు దిగినవాళ్లు తాండూరు అంతటా ఆ మాట చెప్పారు. గని దాకా పోయింది. రెండు రోజుల తరువాత దేవప్ప గుడిసెకు వెళితే కిషన్ అప్పటికే పనికి దిగాడు. ఇంద్రమ్మ ఒక్కతే ఉంది.

"మాట్లాడిండా?" అని అడిగాడు దేవప్ప.

"మాట్లాడిండు పటేలా," అంది ఇంద్రమ్మ. "నా దగ్గర కూసుండి, ఆ పొద్దు నేను జెప్పుడుండె, చెప్పకపోతి అన్నడు. గదొక్కటే మాట. మల్ల పోరడి తీరున ఏడ్చిండు. నేను గూడ ఏడ్చిన. ఇగ ట్రాక్టరు ఎక్కనన్నడు. ఎక్కమని మీరు అడగకుండ్రి."

దేవప్ప అడగలేదు. భూమి వాళ్ల పేరున రాయించాడు గానీ కిషన్ మళ్లీ ఆ వాకిట్లో అడుగు పెట్టలేదు. దారిలో ఎదురైతే దండం పెట్టి పక్కకు తప్పుకునేవాడు. అప్పుడప్పుడు దేవప్పకు అతన్ని ఆపి మాట్లాడాలనిపించేది. ఆపకుండానే ముందుకు నడిచేవాడు.

పాఠకులారా, ఇప్పుడు మన ఊళ్లకు యంత్రాలు వస్తున్నాయి, ఇంకా వస్తాయి. వాటికి రంగులు వేయండి, పేర్లు పెట్టుకోండి, కొబ్బరికాయలు కొట్టండి, ఎవరూ కాదనరు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. వాటిని రోజూ ముట్టుకునే మనిషి వచ్చి ఒక్క అరగంట అడిగితే, చేతిలో ఎంత పనున్నా ఆపి వినండి. అతని మాటను నవ్వి తోసేసిన పూటే ప్రమాదం జరిగిపోయినట్టు. ఆ దెబ్బ ఎవరికి తగులుతుందో తేలడమే ఇక మిగిలేది.